ప్రిన్స్ కోరింగా మనవాడే

2025 సెప్టెంబరు 23, మంగళవారం

ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. తియ్యలేదు. వాయిస్‌మెయిల్ పెట్టింది. అదీ వినలేదు.

ఇవాళ్టి నుంచి తెలుగులో రాసుకుంటాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనూ, మా ఆయన రాజూ. ఆయన వారంలో నాలుగు రోజులు డాలస్‌లో క్లయింటు దగ్గర ఉంటాడు, ఇంట్లో ఉన్న మూడు రోజులూ నిద్రపోతాడు. మా అమ్మాయి దియకి తెలుగు అక్షరాలన్నీ జంతికల్లా కనిపిస్తాయట. కనుక ఇక్కడ ఏం రాసినా బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

మొదటి వాయిస్‌మెయిల్ మాత్రం పోయిన గురువారమే విన్నాను. “నా పేరు వెర్నా టాల్బర్ట్. ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉంటాను. పేపర్లో మీరు వేయించిన ఫొటోలో ఉన్నది మా పెదనాన్న. ఆయన ఇండియా మనిషి కాదు. నాకు ఫోన్ చెయ్యండి.” ముసలావిడ గొంతే, కానీ వణుకు లేదు. వణుకంతా నాకే వచ్చింది. ప్లెయిన్‌ఫీల్డ్ అంటే మా పిస్కాటవేకి పక్క ఊరు.

సెప్టెంబరు 24, బుధవారం

ఆఫీసులో ఎక్కడైనా పద్ధతి తప్పితే, ఆ డీవియేషన్ రిపోర్టు రాసేటప్పుడు ముందు ఏం జరిగిందో వరసగా రాస్తాం. తప్పెవరిదన్నది ఆ తర్వాత. ఇన్నేళ్ళుగా మందుల కంపెనీలో క్వాలిటీ చూస్తున్నదాన్ని, నా సంగతి నేను ఆ పద్ధతిలో రాసుకోలేనా?

దియకి కాలేజీలో సినిమా చరిత్ర క్లాసు ఉంది. హాలీవుడ్ పెద్దదవ్వకముందు సినిమాలు ఎన్నో ఇక్కడే, న్యూజెర్సీలో, ఫోర్ట్‌లీలో తీసేవారట. ఒక లైబ్రరీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టిన మూకీ రీలు ఒకటి ఫిబ్రవరిలో నాకు చూపించింది. సినిమా మొత్తం పోయింది, ఆ ఒక్క రీలే మిగిలింది. అందులో తలపాగా చుట్టుకున్న ఒక రాకుమారుడు ఉన్నాడు. ఆ నటుడి పేరు ప్రిన్స్ కోరింగా అని వేశారు.

కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, ఆ పేరు చూస్తే కోరంగి తప్ప ఇంకేం గుర్తొస్తుంది నాకు? ఓడలు కట్టిన రేవు, ఓడలెక్కి రంగూన్ పోయిన మనుషులు, ఇంక నా ఊహకి పగ్గం లేకుండా పోయింది. దానికి తోడు ఆ రీల్లో ఒక భోజనం సీను ఉంది. రాకుమారుడు నేల మీద ఆకు ముందు కూర్చుని చేత్తో అన్నం తింటాడు. వడ్డించే మనిషి మళ్ళీ రాగానే ముందుకు వంగి, ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, తల పక్కకి తిప్పి నవ్వుతాడు. చాలు, చాలు అని. పెళ్ళి బంతుల్లో మా మేనమామలు అచ్చం అలాగే చేస్తారు. ఏ అమెరికన్ డైరెక్టరూ అది నేర్పలేడని నాకు గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే ఏడ్చాను కూడా.

మార్చిలో ఉగాది ఫంక్షన్‌లో, మా తెలుగు సంఘం కల్చరల్ సెక్రటరీ హోదాలో, మైకులో ఈ సంగతి చెప్పాను. బహుశా మనవాడే అయ్యుంటాడు అన్నాను. అంతే అన్నాను. ప్రెసిడెంటు వీరాంజనేయులు గారు ఆ ‘బహుశా’ని తీసి పక్కన పడేశారు. ఇప్పుడు దీపావళి ఫంక్షన్‌కి బ్యానర్ అచ్చయింది. ‘అమెరికా వెండితెరపై తొలి తెలుగు వీరుడు’ అట. ఇక్కడి వారపత్రికలో ఫొటోతో సహా వార్త వచ్చింది. వివరాలకు అంటూ కింద నా ఫోన్ నంబరు వేశారు.

సెప్టెంబరు 26

నేను బహుశా అన్నాను.

సెప్టెంబరు 28, ఆదివారం

కమిటీ మీటింగు వీరాంజనేయులు గారి బేస్‌మెంట్‌లో. మిరపకాయ బజ్జీలు, అల్లం టీ, అజెండా. చెప్పేద్దామనే వెళ్ళాను.

“జయంతి గారూ, ఈసారి హైలైట్ మీరేనండీ,” అన్నారాయన నేను కుర్చీలో కూర్చోకముందే. “స్క్రీన్ మీద రీలు ఆడుతుంటే పక్కన మీరు నిలబడి తెలుగులో కథ చెప్పాలి. మూకీల రోజుల్లో అలాగే చెప్పేవాళ్ళంట కదా, మీరే అన్నారు.”

నేనే అన్నాను. నా నోటికి కుట్లు వేసేవాళ్ళు లేక అన్నీ నేనే అంటాను. మా అమ్మమ్మ చిన్నప్పుడు కాకినాడ టెంటు హాల్లో తెర పక్కన ఒకాయన చేతిలో కర్ర పట్టుకుని నిలబడేవాడట. తెర మీద మనిషి పెదవులు కదిపితే కింద ఈయన మాట్లాడేవాడట. ఈ ముచ్చట ఆయనకి నేను ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు.

ట్రెజరర్ పద్మ ఫోన్ తీసి చూపించింది. “చూడండి, మా చిన్నాడు స్కూల్లో ప్రిన్స్ మీద పోస్టర్ చేశాడు. టీచర్ వాల్ మీద పెట్టింది తెలుసా!”

“ఒకసారి ఇంకొంచెం వెరిఫై చేసుకుంటే...” అన్నాను.

“ఇంకా వెరిఫై ఏంటండీ?” అని నవ్వారు వీరాంజనేయులు గారు. “తినే పద్ధతి చూసి పట్టేశారు మీరు. డీఎన్‌ఏ టెస్ట్ కూడా అంత కరెక్ట్‌గా చెప్పదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బజ్జీ తిన్నాను. కారం కళ్ళలోకి ఎక్కింది.

అక్టోబరు 1

ఆఫీసులో కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూ ఇటూ అయింది. మా టీమ్ కుర్రాడు మానవ్ రిపోర్టులో ‘ప్రభావం ఉండకపోవచ్చు’ అని రాసి సంతకానికి తెచ్చాడు. ఉండకపోవచ్చు అంటే ఏమిటి, చూశావా, చూడలేదా అని నిలదీసి తిప్పి పంపాను. వాడి ముఖం చిన్నబోయింది. 

అక్టోబరు 2, గురువారం

పట్టుబడ్డాను. దియని స్టేషన్ నుంచి తీసుకొస్తుంటే నా ఫోను కారుకి కలిసి, తెరవని వాయిస్‌మెయిళ్ళన్నీ స్పీకర్లో మోగాయి. ఏ బటన్ నొక్కానో తెలియదు. ఎంత నొక్కినా ఆగలేదు.

“మళ్ళీ వెర్నా టాల్బర్ట్‌ని,” అంది ఆవిడ కారు నిండా. “ఆయన పేరు ఎల్లిస్. నాకు మీ మీద కోపం లేదు. ఒక్క మాట మాట్లాడాలి, అంతే.”

“అమ్మా, హూ ఈజ్ దట్?” అంది దియ. “నువ్వు కాల్ బ్యాక్ చేయలే?”

బిజీగా ఉన్నానన్నాను.

దియ స్క్రీన్ మీద ఆవిడ కాల్స్ తేదీలు చూసింది. “టూ వీక్స్?”

ఎడిసన్ దాటుతుండగా నా ఫోను తీసుకుని తనే డయల్ చేసింది. శనివారం వస్తామని చెప్పేసింది. ఈ పిల్లకి ఇంత ధైర్యం నా దగ్గర్నుంచి మాత్రం రాలేదు.

అక్టోబరు 4, శనివారం

వెళ్ళొచ్చాం. వివరంగా రాయాలి, లేకపోతే నా బుర్ర దీన్నీ తనకి కావలసినట్టు మార్చుకుంటుంది.

మిసెస్ టాల్బర్ట్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళయినా పుట్టింటి పేరు మార్చుకోలేదట. నల్లజాతి అమెరికన్ అని గొంతును బట్టి అనుకున్నాను, తలుపు తీయగానే తెలిసింది. నిమ్మకాయ కేకు చేసి పెట్టారు. గోడ మీద కుటుంబం ఫొటోలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒక కుర్రవాడు తలపాగా లేకుండా, పొట్టి చేతుల చొక్కాలో, నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఫిబ్రవరి నుంచి చూస్తూనే ఉన్నాను. ఇంక నాకు ఏ రుజువూ అక్కర్లేకపోయింది.

ఆవిడ చెప్పింది ఇది. వర్జీనియాలో నార్‌ఫోక్ రేవు దగ్గర వాళ్ళ నానమ్మ ఓడవాళ్ళకి గదులిచ్చి భోజనం పెట్టేది. ఒక చలికాలం ఇండియా సెయిలర్ ఒకతను జబ్బుపడి, ఓడ వెళ్ళిపోతే వాళ్ళింట్లో ఉండిపోయాడు. అందరూ శామ్ అని పిలిచేవారు. అసలు పేరు పలకలేకపోయారో, అడగనేలేదో. పెద్దకొడుకు ఎల్లిస్ అప్పటికి పిల్లవాడు, ఆ సెయిలర్ వెంటే తిరిగేవాడు. “ఆయన తిన్నట్టే తినేవాడట. నానమ్మ రెండోసారి పెట్టబోతే ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆవిడ గరిటెతో ఆ చేతి మీద ఒకటిచ్చేది,” అని నవ్వారు మిసెస్ టాల్బర్ట్. చలి తగ్గాక ఆ సెయిలర్ వేరే ఓడ ఎక్కి పోయాడు. అతని ఊరి పేరొకటి ఎల్లిస్ నోట్లో మిగిలిపోయింది.

పెద్దయ్యాక ఎల్లిస్ న్యూయార్క్ చేరాడు. హోటల్లో పెట్టెలు మోశాడు, తర్వాత ఫోర్ట్‌లీ స్టూడియోలో సెట్టింగులు మోశాడు. ఒకరోజు ఎండకి తలకి తువ్వాలు చుట్టుకుని ఉంటే ఒక డైరెక్టరు చూసి, నువ్వు ఇండియా వాడివా అని అడిగాడు. ఎల్లిస్ యెస్ సర్ అన్నాడు. ఊరేదంటే కోరింగా అన్నాడు. మూడు నెలల్లో పత్రికలు ఆయన్ని ప్రిన్స్‌ని చేసేశాయి. రాకుమారుడు, మంత్రగాడు, నమ్మకమైన సేవకుడు, పాములవాడు, ఏ వేషమైనా తలపాగా ఉంటే ఆయనదే. పెట్టెలు మోసినప్పుడు వెనక తలుపు చూపించిన హోటళ్ళు ఇప్పుడు ముందు తలుపు తీసి పట్టుకున్నాయి. దానికి బదులుగా ఆయన ఇంటికి వెళ్ళడం మానేశాడు. నల్లవాళ్ళ ఇంట్లో రాకుమారుడు కనిపిస్తే అంతటితో సరి.

“మాటల సినిమాలొచ్చాక టెస్ట్ చేశారట,” అన్నారావిడ. “నోరు తెరిచాడు. నార్‌ఫోక్ బయటికొచ్చింది.”

తర్వాత చివరిదాకా హార్లెంలో ఒక బిల్డింగులో లిఫ్టు నడిపాడు. తలపాగా మాత్రం తియ్యలేదు. సమాధి మీద కూడా ప్రిన్స్ కోరింగా అనే ఉందట.

మీకేం కావాలి అని అడిగాను. క్షమాపణ అంటుందేమో, లాయరు అంటుందేమో అని చెమటలు పట్టాయి.

“ఆయన బొమ్మ తెర మీద ఉండగా, జనం వింటుండగా, ఆయన పేరు పైకి చెప్పండి. ఎల్లిస్ టాల్బర్ట్. అంతే. ఆ పేరు తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.”

“చూస్తానండీ,” అన్నాను.

“మిస్ జయంతి, నేను నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను. చూస్తాను అన్న పిల్లలు హోమ్‌వర్క్ చేసుకురారు.”

దియ పకపకా నవ్వి, దీపావళి ఫంక్షన్‌కి మీరూ రండి అని ఆవిడని పిలిచేసింది. నేను కేకు ఇంకో ముక్క అడిగి తీసుకున్నాను.

అక్టోబరు 7

వీరాంజనేయులు గారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. అంటే, ఎక్కువ భాగం చెప్పాను.

“ఓ... బ్లాక్ ఆయనా,” అన్నారాయన. ఆ ‘ఓ’ నాకు అర్థమైంది. అర్థమైనందుకు సిగ్గేసింది.

“పోనీ ఆ సెయిలర్ మనోడే కదండీ? కోరంగి వాడే కదా? అంటే ఈయన మనోడి శిష్యుడు. సగం మనదే!”

“శిష్యుడు కాదండీ, ఇంట్లో అద్దెకున్నాయన్ని చూసి నేర్చుకున్నాడు.”

“జయంతి గారూ, నేనొకటి చెప్తా వినండి.” గొంతు తగ్గించారు. “మన పిల్లలు స్కూల్లో హిస్టరీ అంటే ఇక్కడివాళ్ళ తాతల కథలే వింటారు. మనం నిన్న కాక మొన్న దిగినోళ్ళం. ఒక్కడు, ఒక్కడు వందేళ్ళ కిందట ఇక్కడ నిలబడ్డాడంటే మావాడు ఎంత పొంగిపోయాడో! మీరు అది లాక్కుంటారా ఇప్పుడు? ప్రోగ్రాం అయిపోనివ్వండి. తర్వాత అందరికీ ఒక ఈమెయిల్ పడేద్దాం.”

చెడ్డమనిషైతే బాగుండేది, పోట్లాడేదాన్ని. ఈమెయిల్ మంచి ఆలోచనే అన్నాను. ఫోన్ పెట్టేశాక నన్ను నేనే అడిగాను. ఎల్లిస్ ఇటలీవాడో ఐర్లండువాడో అని తేలుంటే ఆ మొదటి వాయిస్‌మెయిల్‌కి అదే రోజు జవాబిచ్చేదాన్ని కాదా? ఏమో. తెలియదు. తెలుసు.

అక్టోబరు 9

ఉగాది వీడియో చూశాను. నేను మాట్లాడిన ముక్క మళ్ళీ మళ్ళీ చూశాను. పట్టుచీర, పెద్ద నవ్వు. “ప్రిన్స్ కోరింగా ముమ్మాటికీ మనవాడే” అన్నాను. చప్పట్లు కొట్టించుకున్నాను. బహుశా అనే మాట ఆ వీడియోలో ఎక్కడా లేదు.

అక్టోబరు 12

స్క్రిప్టు కంఠతా పడుతున్నాను. ‘కోరంగి గడ్డ మీద కళ్ళు తెరిచి, కడలి దాటి వచ్చిన మన రాకుమారుడు’ అని మొదలవుతుంది. వేసవిలో రాసుకున్నది. చదువుతుంటే ఇప్పటికీ బాగుంది, అదే నా బాధ.

దాని పైన ఇంకో కాగితం పెట్టాను. ‘ముందుగా ఒక సవరణ’ అని రాసి ఆపాను.

అక్టోబరు 15

మిసెస్ టాల్బర్ట్ ఫోన్ చేశారు. మీ ఫంక్షన్‌కి ఏ రంగు బట్టలు బాగుంటాయి అని అడిగారు. నలుపు తప్ప ఏదైనా అన్నాను. ఊదా రంగు టోపీ ఉందట. మీవాళ్ళు విని ఏమన్నారు అని కూడా అడిగారు.

“చాలా సంతోషించారు,” అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి! మింగలేక కక్కలేక చస్తున్నాను.

అక్టోబరు 20, దీపావళి

దియ దీపాలు పెట్టింది. సంఘంవాళ్ళకి నేనింకా చెప్పలేదని నాతో మాటలు మానేసింది. రాజ్ అడిగాడు, తల్లీకూతుళ్ళకి ఏమైందని. ఏం లేదన్నాం ఇద్దరం ఒకేసారి.

అక్టోబరు 24, శుక్రవారం

రేపే ఫంక్షన్. మొదట్లోనే చెప్పేస్తాను. రీలు మొదలయ్యేలోపు చెప్పేస్తాను. దియకి మాటిచ్చాను. సవరణ కాగితం పూర్తిగా రాశాను, పైకి చదివాను, బాగానే వచ్చింది. మైకు అందుకోగానే మొదటి మాట అదే.

అక్టోబరు 26, ఆదివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

స్కూలు ఆడిటోరియం నిండిపోయింది. వెనక నిలబడినవాళ్ళు కూడా ఉన్నారు. మిసెస్ టాల్బర్ట్ ఊదా టోపీ పెట్టుకుని మొదటి వరసలో దియ పక్కన కూర్చున్నారు. ఆవిడెవరో మా వీరాంజనేయులు గారికి తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు. ప్రిన్స్ గారి తాలూకు అని మాత్రం అందరికీ పాకింది. ప్రిన్స్ ఇక్కడ పెళ్ళి చేసుకున్నాడేమో అని ఎవరికి వాళ్ళు సర్దుకున్నారు. పద్మ పరిగెత్తుకొచ్చి బొట్టు పెట్టి, జడ లేదని మల్లెపూలు టోపీకి పిన్నుతో గుచ్చింది. “ఆంటీ, మా బాబు మీ ప్రిన్స్‌కి పెద్ద ఫ్యాన్!” అంది. మిసెస్ టాల్బర్ట్ నా వైపు చూసి చెయ్యి ఊపారు. అందరికీ తెలుసనుకుంటున్నారు పాపం. నేను చూపు తిప్పుకున్నాను.

వీరాంజనేయులు గారు శాలువా చేతి మీద వేసుకుని పరిచయం చేశారు. మైకు నా చేతికిచ్చేటప్పుడు మెల్లగా, “ఈమెయిల్ అండీ, ఈమెయిల్,” అన్నారు.

సవరణ కాగితం పైనే ఉంది. మొదటి మాట నాకు కనిపిస్తూనే ఉంది. అయిదారు వందల ముఖాలు, పిల్లలు ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు. నేను ఆ కాగితాన్ని కిందికి తోసి, “కోరంగి గడ్డ మీద కళ్ళు తెరిచి...” అన్నాను.

అవును, అన్నాను. పూర్తి వాక్యం అన్నాను. మొదటి వరసలో దియ తల దించేసుకుంది. మిసెస్ టాల్బర్ట్‌కి తెలుగు రాదు. నవ్వుతూ వింటున్నారు, నేను వాళ్ళ ఎల్లిస్ గురించి చెబుతున్నాననుకుని. నా జన్మలో అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు.

దీపాలు ఆర్పారు. తెర మీద మెట్లు వచ్చాయి. పైనుంచి తలపాగాతో ఆయన దిగడం మొదలుపెట్టాడు. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. హీరో తెర మీదికొస్తే ఊరుకుంటారా? మాస్టర్స్ చదివే కుర్రాళ్ళు వెనక వరసల్లోంచి ఒక్కసారి ఈలలు వేశారు. ఇండియా థియేటర్లలో లాగే, చించి ఉంచుకున్న కాగితాలు గుప్పెళ్ళతో పైకి విసిరారు. “జై కోరంగి!” అని అరిచారు. కాగితం ముక్కలు మిసెస్ టాల్బర్ట్ టోపీ మీద కూడా పడ్డాయి.

ఆవిడ ముందు బెదిరారు. అటూ ఇటూ చూశారు. జనం ఆయన్ని చూసే గోల చేస్తున్నారని అర్థమయ్యాక దియ భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు.

“ఎల్లిస్!” అన్నారు.

క్లాసు చివరి బెంచీకి వినపడేలా మాట్లాడిన గొంతు అది, మైకు అక్కర్లేదు. “ఎల్లిస్ టాల్బర్ట్! అది మా ఎల్లిస్!”

నేల మీద కూర్చున్న పిల్లలకి అదేదో ఆటలా తోచింది. ఎల్లిస్, ఎల్లిస్ అని అందుకున్నారు. కుర్రాళ్ళు దానికీ ఈలలేశారు. పెద్దవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే ఆగిపోయారు. “ఏమంటోందండీ ఆవిడ?” అని ఎవరో అడిగారు. నన్నే అడిగారు. తెర పక్కన మైకు పట్టుకుని నిలబడ్డది నేనే కదా. వీరాంజనేయులు గారు చెయ్యి అడ్డంగా ఊపుతున్నారు, వద్దు వద్దని.

చెప్పాను. కాగితం చూడలేదు. “ఆవిడ ఈయన పేరు చెబుతున్నారు. ఎల్లిస్ టాల్బర్ట్. పుట్టింది వర్జీనియాలో, నార్‌ఫోక్‌లో. నల్లజాతి అమెరికన్. ఆ సంగతి చెబితే ఈ మెట్లు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు కనుక మన ఊరి పేరు పెట్టుకున్నాడు. తెలుగువాడని ఉగాదికి మీకు చెప్పింది నేను. కాదని తెలిశాక కూడా దాచింది నేను. ఇప్పుడు మీ ముందు కోరంగి గడ్డ అన్నదీ నేనే. అది అబద్ధం.”

రీలు దాని మానాన అది ఆడుతోంది. భోజనం సీను వచ్చింది. ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంక మాట్లాడకూడదనుకున్నాను, కానీ చెప్పాల్సినది ఒకటి మిగిలింది. ఒక సెయిలర్ ఒక చలికాలం వాళ్ళింట్లో ఉన్నాడనీ, ఇది అతన్ని చూసి నేర్చుకున్నదనీ, అతని పేరు మాత్రం ఎవరికీ తెలియదనీ చెప్పాను. ఎక్కడో ఒక పెద్దాయన ముక్కు చీదుకున్నారు.

తర్వాత జరిగింది గొప్పగా ఏం లేదు. కొందరు లేచి భోజనాలకి వెళ్ళిపోయారు. “బిర్యానీ టైంలో ఈ గోలేంటి?” అన్నారెవరో నాకు వినపడేలా. పద్మ కొడుకు వాళ్ళమ్మని, “సో మై పోస్టర్ ఈజ్ రాంగ్?” అని అడిగాడు. వాడి దగ్గరికెళ్ళి పేరొకటి మార్చుకుంటే చాలు నాన్నా అన్నాను. పద్మ నాతో మాట్లాడలేదు గానీ మిసెస్ టాల్బర్ట్‌కి ప్లేటు తెచ్చిచ్చి, కారం లేని కూర వేరే వేసింది. వీరాంజనేయులు గారు శాలువా అలాగే పట్టుకుని కాసేపు నిలబడి, చివరికి ఆవిడ భుజాల మీద కప్పారు. ఏ పేరుతో పరిచయం చేయాలో తెలియక నమస్కారం పెట్టి ఊరుకున్నారు. సోమవారం కమిటీ మీటింగు ఉందని నాకు మెసేజి పెట్టారు. నన్ను తీసేస్తారు. తీసెయ్యాలి కూడా.

అందరూ నేను ధైర్యంగా చెప్పాననో, పొగరుగా చెప్పాననో అనుకుంటున్నారు. దియ కూడా నన్ను కావలించుకుంది. చెప్పింది నేను కాదు. ఆవిడ చెప్పారు. నేను తెలుగు చేశాను, అంతే.

వస్తూ ఆవిడని ప్లెయిన్‌ఫీల్డ్‌లో దింపాం. దారిలో నిజం చెప్పేశాను. మీరు లేచేదాకా నేను చెప్పలేదు, చెప్పేదాన్ని కూడా కాదు అన్నాను. ఆవిడ టోపీలోంచి కాగితం ముక్కలు ఏరి ఒళ్ళో పెట్టుకుంటున్నారు.

“తెలుసు,” అన్నారు. “నాకు భాష రాదు గానీ, నువ్వు మాట్లాడినంతసేపూ ఎల్లిస్ అనే మాట ఒక్కసారీ వినపడలేదు.”

నేను రోడ్డు చూస్తూ నడిపాను. కాసేపటికి ఆవిడే అందుకున్నారు. ఎల్లిస్ సినిమా నార్‌ఫోక్ వచ్చినప్పుడు నానమ్మ చిన్నకొడుకుని, అంటే మిసెస్ టాల్బర్ట్ నాన్నని, తీసుకుని వెళ్ళిందట. నల్లవాళ్ళని పైన బాల్కనీలో కూర్చోబెట్టేవారు. తెర మీద అన్న కనపడగానే కుర్రవాడు పిలవబోయాడు. ఆవిడ వాడి తొడ పట్టుకుని గోళ్ళు దించింది, సినిమా అయ్యేదాకా వదల్లేదు. పేరు బయటికొస్తే కొడుకు తిండి పోతుందని ఆవిడ భయం. కింద జనం చప్పట్లు కొడుతుంటే తల్లీ కొడుకూ నోరు మెదపకుండా కూర్చుని ఇంటికొచ్చారు. ఆ తర్వాత ఇంట్లో కూడా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

వెనక సీట్లోంచి దియ ముందుకు వంగింది. “మరి మీకు ఎలా తెలిసింది? మీ నాన్న చెప్పాడా?”

“ఒక్కసారి చెప్పాడు,” అన్నారు మిసెస్ టాల్బర్ట్. “నేను చిన్నపిల్లని. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు.”